సాపు ప్రతిలో ఇల్లాలు

అక్టోబరు 4

మూడో భాగం సాపు రాయడం ఈ రోజు మొదలుపెట్టాను. ఆవెరార్దో చేతిరాత ఆయనకే అర్థం కాదు. అందుకని పెళ్ళయినప్పటి నుంచీ మా వారి పుస్తకాలన్నీ నా చేత్తోనే తయారవుతున్నాయి. పాడైన కాగితాలు నాకు మిగులుతాయి. వాటి వెనకవైపు ఇది రాసుకుంటున్నాను. ఎవరికీ చూపించను. చూపించడానికి నా కడుపుమంట తప్ప ఇందులో ఏముంది?

పుస్తకం పేరు 'ఇల్లు నడిపే పద్ధతి'. ఒక భర్త, ఒక భార్య, ఒక పెద్దాయన తోటలో కూర్చుని మాట్లాడుకుంటారు. భర్త ప్రశ్న వేస్తాడు. భార్య తల వంచుకుని సరిగ్గా ఆయనకి కావలసిన జవాబే చెబుతుంది. ఆమె పేరు లుక్రేజియా. ఆమెకి జలుబు చెయ్యదు, విసుగు రాదు. వంటింట్లో ఎలక కనబడినా "నాథా, తమ సలహా ఏమిటి?" అంటుంది. ఫ్లోరెన్స్‌లో చదువుకున్నవాళ్ళందరూ ఆ లుక్రేజియా నేనే అనుకుంటున్నారట. అది తలుచుకుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది.

ఈ రోజు రాసింది శుభ్రత గురించి. "ఇంటి యజమాని అద్దంలా ఉండాలి, ఇల్లాలికి ఆయనే ఆదర్శం" అని రాస్తున్నాను. ఆ ఆదర్శం నా ఎదురుగా కూర్చుని, నేను చెక్కి పెట్టుకున్న ఈక కలంతో పళ్ళు కుట్టుకుంటోంది. కుట్టుకుని దాన్ని మళ్ళీ సిరాబుడ్డి పక్కనే పెట్టింది. నేను ఇంకో ఈక చెక్కుకున్నాను.

నా బిడ్డ బిందో గురించి ఈ రోజు అనుకోలేదు.

అక్టోబరు 6

ఆయన మంచం తెరకి ముక్కు తుడుచుకున్నారు. తెర నా పుట్టింటిది.

అక్టోబరు 9

వీధిలో ఎవరి పిల్లాడో ఏడ్చాడు. నా రవిక తడిసినట్టు అనిపించి చెయ్యి పెట్టి చూసుకున్నాను. తడవలేదు. తడవడానికి ఏముంది? పురుడు అయిన వారంలోనే అత్తయ్య పార్స్లీ ఆకు నూరి పట్టించి, గుడ్డతో ఊపిరాడకుండా బిగించి కట్టి, ఉన్న పాలన్నీ ఎండగట్టేసింది.

బిందో జూన్‌లో, సెయింట్ జాన్ పండుగకి పుట్టాడు. వీధిలో బాజాలు మోగుతుంటే పుట్టాడు కాబట్టి వాడి ఏడుపు ఎవరికీ వినబడలేదు. బొడ్డు ఊడకముందే ముజెల్లో కొండల్లో ఒక దాదికి ఇచ్చేశారు. బేరం నా పరుపు దగ్గర జరగలేదు. ఆవెరార్దో, దాది మొగుడు మేయో ఇద్దరూ సత్రంలో వైన్ కూజా ముందు కూర్చుని కుదుర్చుకున్నారు. పాలు దాది సాంద్రావి, బిడ్డ నా బిడ్డ, చేతులు కలుపుకున్నది మాత్రం ఇద్దరు మగాళ్ళు. అందరి ఇళ్ళలోనూ అంతే. ఆ సాంద్రా మొహం నేనింతవరకూ చూడలేదు.

పాలిచ్చే పెళ్ళాం పక్కన మొగుడు పడుకోకూడదంటారు. బిడ్డ కొండలకి ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. పైకి మాత్రం 'కొండగాలి మంచిది' అన్నారు.

అనుకోలేదు, అనుకోలేదు అంటూ ఎంత రాశానో చూడు.

అక్టోబరు 12

ఈ రోజు పాల అధ్యాయం.

"తన రొమ్ము బిడ్డకి ఇవ్వని ఆడది సగం తల్లి" అని భర్త అంటాడు. "నాథా, నా రక్తమే పాలయినప్పుడు దాన్ని పరాయి ఆడదాని దగ్గర ఎందుకు కొనాలి?" అని లుక్రేజియా అంటుంది. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటాడు. నా అందమైన చేతిరాతతో ఇదంతా రాశాను. ఒక్క అక్షరం వంకర పోలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

భోజనాల దగ్గర అడిగేశాను. "ఏమండీ, ఇది మీ సొంత అభిప్రాయమేనా?"

"ఏది?"

"సగం తల్లి."

"బాగా వచ్చింది కదూ!" అని సంబరపడ్డారు. గడ్డం మీద పులుసు కారుతోంది.

"అయితే బిందోని తెచ్చేసుకుందాం. నాకు పాలు లేకపోయినా ఈ వీధిలోనే ఎవరినైనా చూద్దాం. రోజూ కళ్ళతో చూసుకోవచ్చు."

ఆయన చెంచా కింద పెట్టి, నన్ను పేరు పెట్టి పిలిచి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "మేయా, పుస్తకం లోకం కోసం. ఇల్లు మన కోసం. రెంటినీ కలిపితే పుస్తకమూ చెడుతుంది, ఇల్లూ చెడుతుంది."

అత్తయ్య వత్తాసు పలికింది. "నా పిల్లలు ఏడుగురూ దాదుల దగ్గరే పెరిగారు. నేనేమైనా ఇలా సాగదీశానా?"

"ఏడుగురిలో ఎంతమంది ఇంటికి తిరిగొచ్చారు అత్తయ్యా?"

ఆవిడ లేచి గిన్నెలు తియ్యడం మొదలుపెట్టింది. ముగ్గురు వచ్చారు. అడక్కుండా ఉండాల్సింది. కానీ అడిగినందుకు బాధ లేదు.

అక్టోబరు 15

కొండల్లో కాసే చెస్ట్‌నట్ కాయలు అమ్మే ముసలిది వచ్చింది. ముజెల్లో మనిషి. కొలవకముందే నా మొహంలోకి చూసి గొంతు తగ్గించింది.

"అమ్మా, మేయో ఇంట్లో ఉన్నది మీ పిల్లాడే కదూ? సాంద్రా కడుపుతో ఉందమ్మా. సెయింట్ జాన్ పండుగకి ముందు నుంచే. పైకి కనబడకుండా దుప్పటి కప్పుకుని తిరుగుతోంది."

"మరి బిందోకి పాలు?"

"పాలెక్కడివమ్మా! పిండి జావ పోస్తున్నారు. చెస్ట్‌నట్ పిండి. చంటిపేగులు అది ఎక్కడ అరిగించుకుంటాయి?"

దాదికి నెల తప్పితే బిడ్డని వెంటనే వెనక్కివ్వాలి. ఇది ఊరందరికీ తెలిసిన కట్టుబాటు. కూలి పోతుందని మేయో దాచి ఉంటాడు.

పరిగెత్తుకెళ్ళి చెప్పాను. ఆవెరార్దో తల కూడా ఎత్తలేదు. "మేయో నా చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాడు. గంపలు మోసుకునేదాని మాట నమ్ముతావా? మెసెర్ ఫొల్కో ఇంట్లో మూడో భాగం చదవాలి. నగరసభలో కొలువు ఆయన చేతిలో ఉంది. ఇప్పుడు నన్ను పాల గొడవల్లోకి లాగకు."

పాల గొడవ. పాల అధ్యాయం ఎదురుగా పెట్టుకునే అన్నారు.

అక్టోబరు 16

వంటింట్లో కూర్చుని చెస్ట్‌నట్ పిండి నీళ్ళలో కలిపి నాలిక మీద వేసుకుని చూశాను. గొంతు దిగలేదు.

అక్టోబరు 18

మెసెర్ ఫొల్కో ఇంట్లో చదివారు. మగవాళ్ళు ముందు, మేము వెనక. పాల అధ్యాయం వచ్చేసరికి ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. వాళ్ళలో ఒక్కరికీ ఇంట్లో చంటిపిల్లలు లేరు. అందరి పిల్లలూ కొండల్లోనే ఉన్నారు.

మెసెర్ ఫొల్కో భార్య మదొన్నా దియానోరాకి ఇది తొలి కానుపు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినబడేలా అడిగింది.

"మెసెర్ ఆవెరార్దో, ఇంత బాగా రాశారు, మరి మీ ఇంట్లో? మీ ఆవిడే పాలిస్తోందా?"

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "తనే, మదొన్నా. ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు."

అందరూ నా వైపు తిరిగారు. అందరి చూపులూ నా రొమ్ముల మీద. నేను నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను. ఆ నవ్వు ఇంకా మొహానికి అంటుకునే ఉంది, కడుక్కున్నా పోవడం లేదు.

"అయితే గురువారం మీ ఇంటికొస్తాను. మా అత్తగారు దాదిని కుదిర్చేస్తానంటోంది. మిమ్మల్నీ పిల్లాణ్నీ చూసి నేనూ గట్టిగా ఎదురు తిరుగుతాను" అంది దియానోరా.

అక్టోబరు 19

పొద్దున లేస్తూనే అర్థమైంది. గురువారం దియానోరాకి పిల్లాణ్ని చూపించాలి. చూపించాలంటే బిందో ఇంట్లో ఉండాలి. తప్పదు!

ఆ మాటే అంటే ఆయన "చూస్తాను, చూస్తాను" అన్నారు. మొదటిసారి కాదనలేదు. అబద్ధమే నా బిడ్డని ఇంటికి తెస్తుందంటే ఆ అబద్ధానికి వెయ్యి దండాలు. ఆయన మరీ అంత చెడ్డవారు కాదు. పని ఒత్తిడి.

అక్టోబరు 20

ఉయ్యాల తుడిచాను. పొత్తిగుడ్డలు ఉతికి లావెండర్ వేసి మడతపెట్టాను. ఆయన మంచివారే.

అక్టోబరు 22

ఇకనుంచి 'ఆయన' అని రాయబుద్ధి కావడం లేదు.

సాయంత్రం పైటబట్టలో చుట్టిన బిడ్డని ఎత్తుకుని వచ్చాడు. నేను మెట్ల మీద నుంచి పడిపోయేంత వేగంగా దిగాను. గుడ్డ తీసి చూశాను. ఎర్రగా, బొద్దుగా, పిండి వాసన వేస్తూ ఎవరో పిల్లాడు. వెనకాలే రొట్టెల దుకాణం ఒర్సా బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"వీడు వీళ్ళ పిల్లాడు నన్నీ. రేపు మధ్యాహ్నం దాకా అద్దెకి" అన్నాడు. "దియానోరా ముందు నువ్వు ఎత్తుకో. ఏడిస్తే ఒర్సా వంటింట్లో ఉంటుంది. పాలివ్వమంటే సిగ్గుపడు. లుక్రేజియా ఎలా సిగ్గుపడుతుందో నీకు తెలుసుగా."

"బిందో ఏడి?"

"దారంతా బురద. పైగా ఆ పిల్లాడు చూపించేలా లేడు."

"చూపించేలా లేడని మీకెలా తెలుసు?"

మాట జారిందని అప్పుడు తెలిసింది అతనికి. చొక్కా మడతలు సర్దుకున్నాడు. "మేయో కబురు పెట్టాడులే. కొంచెం నలతగా ఉందట."

అతనికి తెలుసు. చెస్ట్‌నట్ ముసలిది రాకముందే తెలుసు. తెలిసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నేను పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. అత్తయ్య చూసి, మళ్ళీ నెల తప్పానేమోనని సంతోషించింది.

అక్టోబరు 23, గురువారం

దియానోరా వచ్చింది. చెలికత్తె, సేవకుడు, బయట తెల్ల కంచరగాడిద. నేను కిటికీ దగ్గర నన్నీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవెరార్దో నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చెమటగా ఉంది.

"అబ్బ, ఎంత బొద్దుగా ఉన్నాడో! తల్లి పాలంటే ఇదీ!" అంది దియానోరా. నన్నీ ఏడుపు మొదలుపెట్టాడు. "ఆకలేమో. ఇవ్వండి, నేనూ చూసి నేర్చుకుంటాను."

"మా మేయాకి సిగ్గు..." అని అతను అందుకోబోయాడు.

"వీడు నా కొడుకు కాదు మదొన్నా" అన్నాను. "రొట్టెల ఒర్సా కొడుకు. అద్దెకి తెచ్చారు. నా కొడుకు ముజెల్లోలో ఎండిపోయిన దాది దగ్గర జావ తాగి చచ్చిపోతున్నాడు."

ఏడుపు విని ఆగలేక ఒర్సా అప్పుడే వంటింట్లోంచి వచ్చేసింది. రవిక ముందంతా తడిసిపోయి ఉంది. బిడ్డని నా ఒళ్ళోంచి లాక్కుని రొమ్ము అందించింది.

దియానోరా నవ్వింది. కుర్చీ పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

"అమ్మో, నా పొట్ట! ఎవరైనా ఆపండమ్మా! అద్దె బిడ్డ! మెసెర్, మీరిద్దరూ కలిసి నాకే టోకరా వేశారా?"

ఈ ఊళ్ళో మనిషిని వెర్రివాణ్ని చేసి నవ్వుకోవడం ఒక విద్య. విందుల్లో చెప్పుకునే కథలన్నీ అవే. మొగుడు రాగానే పెళ్ళాం ప్రియుణ్ని పీపాలో దాస్తుంది, సన్యాసి గాడిదగా అమ్ముడుపోతాడు, అందరూ పొర్లి పొర్లి నవ్వుతారు. దియానోరా ఆ కథలు వింటూ పెరిగింది. నా బిడ్డ చావు కూడా ఆమెకి అలాంటి కథే అయింది.

"నవ్వించడానికి చెప్పలేదు మదొన్నా. నిజంగా..."

"మొహం చూడండి, మొహం ఎలా పెట్టిందో! పుస్తకంలో ఇల్లాలి కంటే ఈవిడే నయం!"

నా మొగుడు ఆ అవకాశం వదులుకుంటాడా? "మీకు నచ్చుతుందనే, మదొన్నా, ఇద్దరం అనుకుని చేశాం" అని వంగి దండం పెట్టాడు. వాణ్ని అక్కడే గోళ్ళతో రక్కేద్దామనిపించింది. ఏడిస్తే ఇంకా నవ్వుతుంది. అందుకని నేనూ నవ్వాను. ఈసారి తెలిసే నవ్వాను.

"సగం కథకే ఇంత నవ్వితే ఎలా మదొన్నా? అసలు బిడ్డ రావద్దూ? మీ కంచరగాడిదని, మీ మనిషిని ఇవ్వండి. నేనే వెళ్ళి తెస్తాను. మిగతా కథ అప్పుడు చెబుతాను. మావారు అడ్డం రాకూడదని మాత్రం మీరు గట్టిగా చెప్పాలి. అడ్డం వస్తే కథ చెడుతుంది."

దియానోరా చప్పట్లు కొట్టింది. "విన్నారా మెసెర్? మీరు కదిలితే ఒప్పుకోను!"

అతని మొహం పాలిపోయింది. కొలువు ఆమె మొగుడి చేతిలో ఉంది. మళ్ళీ వంగి దండం పెట్టాడు.

వీధిలో ఒర్సా నా కొంగు పట్టుకుంది. "ఒట్టి చేతుల్తో వెళ్ళి ఏం చేస్తారమ్మా? పాలు కావద్దూ? నేనొస్తాను." నన్నీని వీపుకి కట్టుకుని కంచరగాడిద ఎక్కేసింది. రొట్టెలు మాడితే మాడనీ అంది.

అక్టోబరు 24, ముజెల్లో

గోడకి మేకు ఉంది. మేకుకి మూట వేలాడుతోంది. ఉల్లిపాయలేమో అనుకున్నాను.

పొలానికి వెళ్ళేటప్పుడు పందులు ముట్టకుండా అలా తగిలిస్తారట. దింపాను. బరువే లేదు. పొత్తిగుడ్డలు ఎన్నాళ్ళ నుంచి విప్పలేదో, చర్మానికి అతుక్కుపోయాయి. ఆ వాసన గురించి రాయను. నీళ్ళతో తడిపి తడిపి విప్పాం. తొడలు పచ్చి పుండు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఏడవలేదు. ఏడిచే ఓపిక లేదు.

సాంద్రా నిండు పొట్టతో గుమ్మంలో నిలబడింది. ఎన్నో తిట్లు కూడబెట్టుకుని వచ్చాను. ఆమె చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"నన్ను కొట్టండమ్మా" అంది. "కానీ మీ ఆయనకి రెండుసార్లు కబురు పంపించాం. బిడ్డని తీసుకెళ్ళిపొమ్మని నేనే చెప్పించాను. 'పుస్తకం చదవడం అయ్యేదాకా ఉంచండి, ఇంట్లో ఏడుపు ఉంటే రాసుకోలేను' అన్నాడట. మా ఆయన సరేనన్నాడు. నేనేం చెయ్యను? నన్నెవరడిగారు?"

నిజమే, ఆమెనెవరడిగారు? నన్ను మాత్రం ఎవరడిగారు? తిట్లన్నీ అలాగే మిగిలిపోయాయి. వాటికి వేరే మనిషి ఉన్నాడు.

ఒర్సా గుమ్మంలోనే కూలబడి రవిక విప్పింది. బిందో రొమ్ము నోట పట్టలేదు. ఆమె పాలు పిండి చుక్క చుక్కగా వాడి పెదాల మీద వేసింది. నేను పక్కన కూర్చుని వాడి గొంతు వంకే చూశాను. కదిలింది. మింగాడు.

అక్టోబరు 26

ఇంటికి వెళ్ళలేదు. ఒర్సా వాళ్ళ పొయ్యి వెనక గదిలో ఉన్నాం. గోడ వెచ్చగా ఉంటుంది. ఆమె మొగుడు సణిగాడు కానీ నేను పిండి పిసుకుతానంటే ఊరుకున్నాడు.

దియానోరాకి మిగతా కథ పంపించాను: బిడ్డ దొరికాడు, పాలు తాగుతున్నాడు అని. నవ్వొచ్చే భాగం లేదని చెప్పలేదు.

అక్టోబరు 28

కక్కేశాడు.

అక్టోబరు 29

మింగాడు. తర్వాత కక్కేశాడు.

నవంబరు 2

చనిపోయినవాళ్ళ పండుగ. ఊరంతా గుళ్ళో ఉంది. నేను వెళ్ళలేదు. అక్కడ వాడి పేరు ఎవరైనా తలుస్తారేమోనని భయం. వాడి పక్కనే కూర్చున్నాను.

నవంబరు 5

ఆవెరార్దోకి కొలువు వచ్చిందట. అత్తయ్య వచ్చి చెప్పి వెళ్ళింది. బిందో వైపు చూసి, ఏమీ అనకుండా, తన ఉన్ని శాలువా వాడి మీద కప్పి వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళలో మొదటిసారి ఒకరి మీద నాకు రోత పుట్టలేదు.

నవంబరు 9

ఈ రోజు అతను వచ్చాడు.

పిల్లలిద్దరినీ పిండి పిసికే చెక్క తొట్టిలో పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాం. నేను గుడ్డలు పిండుతున్నాను. పులిసిన పిండి వాసనకి ముక్కు మీద రుమాలు పెట్టుకుని లోపలికొచ్చాడు. కొత్త కొలువు తాలూకు ఎర్ర అంగీ వేసుకున్నాడు. నాతో మాట్లాడకముందే తొట్టిలోకి వంగి, నన్నీని ఎత్తుకున్నాడు.

"చూశావా మేయా! ఊరికే గుండెలు బాదుకున్నావు. గుండ్రాయిలా ఉన్నాడు నా కొడుకు! ఈ గడ్డం చూడు, అచ్చం మా నాన్నదే."

మొన్న తన చేతుల మీదుగా తెచ్చిన పిల్లాడే. తెచ్చినప్పుడు మొహం చూస్తే కదా.

ఒర్సా నోరు తెరిచింది. నేను ఆమె వంక చూశాను. మూసుకుంది.

"దియానోరా ఈ కథ అందరికీ చెప్పుకుంటోంది" అన్నాడు. "దీనితో చివరి అధ్యాయం రాసేశాను. లుక్రేజియా భర్త ఆజ్ఞ తీసుకుని కొండలకి వెళుతుంది. బాగా వచ్చింది. నువ్వు సాపు రాయాలి."

తొట్టిలో బిందో సన్నగా మూలిగాడు. అతను తొంగి చూసి మొహం చిట్లించాడు.

"ఇది రొట్టెలవాడి పిల్లాడా? ఛ, ఏం రూపం! బతికేలా లేడు. మనవాడి పక్కన పడుకోబెట్టకండి, అంటుకుంటుంది."

నన్నీ నుదుటి మీద సిలువ గుర్తు వేసి, ముద్దు పెట్టుకుని, నా చేతికి ఇచ్చాడు. "ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ, ఇంట్లో నాకు పని ఉంది" అని వెళ్ళిపోయాడు.

అంగీ వీధి మలుపు తిరిగేదాకా ఒర్సా ఆగింది. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మళ్ళీ ఎవడితోనో చేతులు కలిపి ఎక్కడికో పంపించేస్తాడు. రొట్టెలవాడి పిల్లాడి జోలికి ఎందుకొస్తాడు?"

ఆమె బిందోని ఒళ్ళోకి తీసుకుంది. పాలు పిండి పొయ్యడానికి వేలు పెట్టబోయింది. వాడు తల తిప్పి, తనే వెతుక్కుని, రొమ్ము నోట కరిచాడు. "అబ్బా, గట్టిగా లాగుతున్నాడమ్మా!" అని ఒర్సా అరిచింది. నేను నన్నీని ఎత్తుకుని పక్కన కూర్చుని ఏడ్చాను.